గోతి ప్రక్కన భోజనం



మా సత్యోపదేశ తరగతిలో ఒక బాలుడు నవ్వినప్పుడల్లా నోటికి చేయి అడ్డం పెట్టుకొనేవాడు. బడిలో అతని గార పళ్లను చూచి ఒకడు వెక్కిరింపు పేరు పెట్టాడు. తరగతి అంతా ఆ పేరుతోనే పిలిచింది. మా దగ్గర కూడా ఆ పేరు వినబడింది. పిల్లల ఆటలే కదా అని నేనూ ఊరుకొన్నాను. అది నా తప్పు.

ఆ గార మన నల్లగొండకు కొత్త కాదు. పసితనంలో పళ్లు ఏర్పడే కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు త్రాగితే వస్తుంది. తోమితే పోదు; ఒకరినుండి ఒకరికి అంటదు. అందులో బిడ్డ తప్పేమీ లేదు. పాలమూరులో తల్లిదండ్రులు వలస పోతే అవ్వ దగ్గరో, హాస్టల్లోనో మిగిలిన బిడ్డలదీ ఇదే గతి. అడిగే దిక్కు లేదని తెలిస్తే చాలు, వారినే ఏడిపిస్తారు.

ఏడిపించేవానికి చూచేవారు కావాలి. వారి నవ్వే అతనికి గొప్ప. 1996లో ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి, ఆమె సహచరులు బడిపిల్లలను పరిశీలించి ఈ సంగతే చూపారు: కొందరు తోడౌతారు, కొందరు నవ్వి ఉసిగొల్పుతారు, కొందరు తప్పుకొంటారు, కొందరు మాత్రం బాధపడేవాని పక్షాన నిలుస్తారు.

ఆదికాండము 37వ అధ్యాయము చూడండి. యాకోబు ఒక్క యోసేపుకే ప్రత్యేకమైన అంగీ కుట్టించాడు. ఇంటిలోని ఆ ఎక్కువతక్కువలే బయట పగగా మారాయి. అన్నలు అంగీ ఊడదీసి, తమ్ముని గోతిలో త్రోసి, భోజనానికి కూర్చొన్నారు. రూబేను చంపవద్దన్నాడు, తరువాత మెల్లగా విడిపిద్దామనుకొన్నాడు. తిరిగి వచ్చేసరికి గొయ్యి ఖాళీ! తమ్ముని అమ్ముదామన్న యూదాయే 44వ అధ్యాయములో బెన్యామీనుకు బదులు తానే బానిసగా ఉంటానన్నాడు. మనిషి మారగలడు.

తల్లిదండ్రులారా, ఇంట్లో కులం పేరు, వాడ పేరు ఎత్తి చులకనగా మాట్లాడితే రేపు అదే మాట బడిలో పలుకుతుంది. మార్కులు అడిగే ముందు, “మీ తరగతిలో ఎవరు ఒంటరిగా కూర్చొంటున్నారు?” అని అడగండి.

పిల్లలందరూ మెచ్చే కబడ్డీ ఆటగాడు ఒకడు ఒక ఆదివారం ఆ బాలుని ప్రక్కన కూర్చొని, జ్ఞానస్నాన నామంతో పిలిచాడు. కొన్ని వారాలకు ఆ పాత పేరు వినబడలేదు. నేను చేయవలసిన పనిని ఆ పిల్లవాడు చేశాడు.

అట్టి ధైర్యమును ప్రభువు మన బిడ్డలకు, మనకు దయచేయునుగాక. ఆమెన్.