దెబ్బలు ఓర్చుకోవడం క్షాంతి కాదు





మన వాడలో ఎవరింట్లోనైనా భర్త భార్యను కొడుతున్నాడని తెలిస్తే చాలామంది నోట మొదట వచ్చే మాట ఒకటే: “గన్ని దెబ్బలు తినుకుంట ఆమె ఆడ ఎందుకుంటది? విడిచిపెట్టి రావొచ్చు కదా!” ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. జాలితోనే అంటారు. కానీ ఆ జాలిలో ఒక తీర్పు దాగి ఉంది. కొట్టేవాడి గురించి అడగాల్సిన ప్రశ్నను దెబ్బలు తినే ఆమెను అడుగుతున్నాం. అదీ సమాధానం వినే ఓపిక లేకుండా అడుగుతున్నాం.

బుద్ధుడు మనకు నేర్పిన పద్ధతి వేరు. దుఃఖాన్ని చూసి జాలిపడటంతో ఆయన ఆగలేదు. దానికి కారణం ఏమిటని వెతికాడు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు అన్నదే పటిచ్చ సముప్పాదం. ఆమె ఇల్లు విడిచి రాలేకపోవడానికీ కారణాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూస్తే, అందులో కొన్ని మన చేతుల్లోనే ఉన్నాయని తెలుస్తుంది.

కాళ్లకు పడ్డ ముళ్లు

“మన ఆడోళ్లు కూలి చేసి సంపాదిస్తరు, వాళ్లకు భయమేంది?” అనే మాట వింటుంటాం. నిజమే, మన తల్లులు, చెల్లెళ్లు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల దగ్గర, పత్తి చేన్లలో, నాట్లల్లో, నాలుగిండ్ల పాచిపనిలో కష్టం చేస్తారు. కానీ సంపాదించడం వేరు, ఆ పైసలు తన చేతిలో ఉండటం వేరు. కూలి డబ్బులు ఇంటికి రాగానే అప్పుకో, సారాకో పోతాయి. మహిళా సంఘం లోను ఆమె పేరు మీద ఉంటుంది, ఆ డబ్బు వాడుకున్నది మాత్రం భర్త. ఆమె ఊరు విడిచిపోతే కిస్తీ భారం తోటి సభ్యుల మీద పడుతుంది. అప్పుడు సంఘం ఆడవాళ్లే ఆమెను తిడతారు. రేషన్ కార్డులో పేరు అత్తగారింట్లో ఉంటుంది. పిల్లల బడి ఆ వాడలోనే ఉంటుంది. ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి, కానీ రాత్రి పూట ఇద్దరు పిల్లలను పట్టుకొని గడప దాటాలనుకునే ఆమెకు ఒక్కొక్కటి ఒక్కో ముల్లు.

ఇక తల్లిగారిల్లు. మన భాషలోనే ఒక మాట ఉంది: ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్ల, ‘ఈడ’ పిల్ల కాదు అని. పెళ్లిచేసిన రోజే ఆమెను అవతలి ఇంటి మనిషిని చేశాం. అవతలి ఇల్లు కోపం వచ్చినప్పుడల్లా “మీ అవ్వగారింటికి పో” అంటుంది. ఈడా కాక, ఆడా కాక, ఆమె ఎక్కడి పిల్ల? తనకు చోటు లేదని తెలిసిన మనిషి, ఉన్న చోటనే దెబ్బలకు ఓర్చుకొని ఉంటుంది. అది బలహీనత కాదు. లెక్క వేసుకొని తీసుకున్న నిర్ణయం.

ఆ లెక్కలో ప్రాణభయం కూడా ఉంది. “నేను పోతున్న” అనే మాట వింటే కొట్టేవాడు ఊరుకోడు. తన చెయ్యి కిందినుంచి జారిపోతుందని తెలిసినప్పుడే అతను మరింత ప్రమాదకరంగా మారతాడు. ఉండటమే కాదు, పోవడమూ ప్రమాదమేనని ఆమెకు మనకంటే బాగా తెలుసు. మర్నాడు అతనే ఏడ్చి, కాళ్లు పట్టుకొని, పిల్లలకు బిస్కెట్లు తెచ్చి “ఇగ తాగను” అన్నప్పుడు ఆమె నమ్ముతుంది. మంచి రోజులు కూడా చూసిన మనిషి కనుక నమ్ముతుంది.

నోరు విప్పని వాళ్ల లెక్క

2019-21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లైన స్త్రీలలో దాదాపు నూటికి 37 మంది భర్త చేతిలో హింస చూశారు. దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవాళ్లు నూటికి 14 మందే. 77 మంది ఎవరికీ చెప్పనే లేదు. ఇంకో లెక్క మనల్ని మరింత ఆలోచింపజేయాలి. చెప్పకుండా బయటికి పోతే, వంట సరిగా చేయకపోతే, ఎదురు మాట్లాడితే, అత్తమామలను గౌరవించకపోతే... ఇలాంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం సమంజసమేనా అని అడిగితే, తెలంగాణలో నూటికి 84 మంది స్త్రీలు అవునన్నారు.

అంటే ఆమెను కట్టేసిన తాడులో ఒక పురి బయటిది, ఒక పురి మనసులోది. బయటి పురిని చట్టం కోయవచ్చు. మనసులోని పురిని కోయాల్సింది ధమ్మమే. ఆ పురిని పేనడంలో ధమ్మం పేరుతో మనం కూడా చెయ్యి కలుపుతున్నామా అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

“నీ కర్మ” అనే మాట

దీక్ష తీసుకున్న ఇళ్లల్లో కూడా ఈ మాట ఇంకా పోలేదు: “నీ కర్మ బిడ్డా, గట్ల రాసిపెట్టి ఉంది.” ఇది బౌద్ధం కాదు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వజన్మ కర్మ ఫలమే అన్న వాదాన్ని బుద్ధుడు తిత్థాయతన సుత్తంలో నేరుగా ఖండించాడు. ఆయన తర్కం తేటగా ఉంది. అన్నీ పూర్వకర్మ వల్లే అయితే, హత్య చేసేవాడు కూడా పూర్వకర్మ వల్లే చేస్తున్నాడనాలి. అప్పుడు ఇది చేయాలి, ఇది చేయకూడదు అనే నీతికే చోటుండదు. మన విషయానికి దీన్ని వర్తింపజేసి చూడండి. ఆమె దెబ్బలు ఆమె కర్మ అయితే, కొట్టేవాడు పాపి కాడు, ఆమె బాకీ తీర్చేవాడు అవుతాడు! ఇంతకంటే అన్యాయమైన మాట ఉంటుందా?

ఈ మాట మనకు కొత్తది కాదు. మనల్ని ఊరవతల పెట్టినవాళ్లు చెప్పింది కూడా ఇదే: మీ పూర్వజన్మ కర్మ, అనుభవించండి అని. బాబాసాహెబ్ ఆ మాటను తిప్పికొట్టి 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో ధమ్మంలోకి నడిచారు. మన మీద ప్రయోగించిన ఆయుధాన్నే మన ఆడబిడ్డ మీద మనం ప్రయోగిస్తే ఆ నడకకు అర్థమేముంది?

క్షాంతి ఎవరిది?

రెండో మాట ఇంకా లోతైనది. “బుద్ధుడు ఓర్పు చెప్పిండు కదా, క్షాంతి పారమిత కదా, ఓర్చుకో” అంటారు. నిజమే, దశ పారమితల్లో క్షాంతి ఉంది. కకచూపమ సుత్తంలో, దొంగలు రంపంతో కోస్తున్నా మనసులో ద్వేషం పుట్టనివ్వొద్దని బుద్ధుడు బోధించాడు. ఇంత పెద్ద మాట ఉండగా దెబ్బలకు ఓర్చుకోమనడం తప్పెట్లా అవుతుందని అడిగేవాళ్లకు సమాధానం చెప్పాలి.

ఒకటి, ఆ బోధ మనసు గురించినది. ద్వేషాన్ని పెంచుకోవద్దన్నాడు గానీ, రోజూ పొద్దున లేచి ఆ రంపం కిందనే చెయ్యి పెట్టమనలేదు. ద్వేషం లేకుండానే చెయ్యి వెనక్కి తీసుకోవచ్చు. రెండు, క్షాంతి అనేది మనిషి తనకు తాను ఎంచుకునే సాధన. గట్టు మీద నిలబడ్డవాడు మునిగిపోతున్నవాడికి ఆజ్ఞాపించేది కాదు. ఇతరులు విధించే ఓర్పుకు క్షాంతి అని పేరు లేదు, దానికి బానిసత్వం అని పేరు.

బుద్ధుని జీవితమే దీనికి సాక్ష్యం. కోసంబిలో భిక్కువులు ఒక చిన్న విషయం మీద రెండు పక్షాలై కొట్లాడుకున్నారు. బుద్ధుడు మళ్లీ మళ్లీ నచ్చజెప్పాడు. వాళ్లు వినలేదు. అప్పుడాయన పాత్ర, చీవరం తీసుకొని ఆ చోటు విడిచి పారిలేయ్యక అడవికి వెళ్లిపోయాడు. మహాకారుణికుడికి ఓర్పు తక్కువై వెళ్లాడా? కాదు. చెప్పాల్సింది చెప్పాక, మారని చోట ఉండకపోవడం కూడా ధమ్మమే అని నడిచి చూపాడు. అట్లాంటప్పుడు, నచ్చజెప్పి నచ్చజెప్పి అలసిపోయి బయటికొచ్చిన మన చెల్లెను “సంసారం నిలబెట్టుకోలేకపోయింది” అని ఏ నోటితో అంటాం?

ఈ కథలో మనం మరిచిపోయే రెండో సగం ఉంది. బుద్ధుడు వెళ్లిపోయాక కోసంబి ఉపాసకులు, ఉపాసికలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కొట్లాడుకునే ఆ భిక్కువులకు నమస్కారం మానేశారు, భిక్ష మానేశారు. అప్పుడుగాని వాళ్లు దిగిరాలేదు. శ్రావస్తికి వెళ్లి తగవు తీర్చుకున్నారు. వెళ్లిపోయినవాణ్ని ‘ఎందుకు పోయినవ్’ అని ఎవరూ నిలదీయలేదు. తప్పు చేసినవాళ్లకు మర్యాద ఆపారు. వెలి బాధ మనకు తెలుసు. కానీ ఇది పుట్టుకను బట్టి వేసిన వెలి కాదు. చేసిన పనికి వేసింది, పని మారగానే ఎత్తేసింది.

“మనోణ్ని పోలీసోళ్లకు పట్టిస్తవా?”

మూడో మాట మన వాడలకే ప్రత్యేకమైనది. ఠాణాలో మన పిల్లల పట్ల ఎట్లా ప్రవర్తిస్తారో మనకు తెలుసు. అందుకే “ఇంటి సంగతి బయట పెడితే మన కులం పరువు పోతది, పైకులపోళ్లు నవ్వుతరు” అంటారు. ఈ భయం ఉత్తది కాదు. కానీ దాని బరువంతా ఆమె ఒక్కదాని వీపు మీద పెట్టడం ఏం న్యాయం? ఊరి పెద్దోడు కొడితే 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు కావాలంటాం. ఇంట్లోవాడు కొడితే సర్దుకపొమ్మంటాం. దెబ్బ కొట్టిన చెయ్యి ఎవరిదన్నదాన్ని బట్టి న్యాయం మారితే అది సమత కాదు.

బాబాసాహెబ్ ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అణగారిన వర్గాల మహిళా సదస్సులో, భార్య భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలని, బానిసగా ఉండటానికి ఒప్పుకోవద్దని చెప్పారు. స్త్రీకి విడాకుల హక్కు, ఆస్తి హక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వలేదన్నది 1951 సెప్టెంబర్ 27న ఆయన మంత్రి పదవికి రాజీనామా చేయడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి. అంతకు రెండున్నర వేల ఏళ్ల ముందే బుద్ధుడు సిగాలోవాద సుత్తంలో భర్తకు విధులు చెప్పాడు: భార్యను గౌరవించడం, కించపరచకపోవడం, నమ్మకంగా ఉండటం, ఇంటి అధికారం ఆమెకు అప్పగించడం. 22 ప్రతిజ్ఞలు చేసినప్పుడు ప్రాణుల పట్ల కరుణ చూపుతానని, మద్యం ముట్టనని చెప్పాం. భార్య ప్రాణి కాదా?

దూబగుంట చెప్పిన పాఠం

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వచ్చారు. అక్కడ మాట మాట కలిసింది. నా ఇంటి గోస అనుకున్నది వాడంతటి గోస అని తేలింది. ఆ మాటే సారా వ్యతిరేక ఉద్యమమై, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా పోయింది. తర్వాత మందు మళ్లీ వచ్చింది. మందు తాగని ఇళ్లల్లోనూ దెబ్బలున్నాయి. అయినా ఒక సత్యం నిలిచింది: ఒంటరిగా సిగ్గుగా ఉన్నది, నలుగురిలో చెప్పుకున్నప్పుడు బలమవుతుంది. కూర్చొని చెప్పుకునే చోటు ఉండటమే మొదటి సాయం. మన విహారం ఆ చోటు కావాలి.

మనం చేయాల్సింది

ఆమె చెప్తే నమ్ముదాం. “నువ్వేమన్నవు? ఆయనెందుకు కొట్టిండు?” అని అడగొద్దు. భర్త పక్కన కూర్చోబెట్టి పంచాయితీ చేసి రాజీ రాయించొద్దు. ముందు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి ఏం కావాలో వినాలి. ఎప్పుడు, ఎట్లా బయటికి రావాలో ఆమెనే తేల్చుకోనివ్వాలి. ఆ మాట ముందే వాడలో పొక్కనీయొద్దు. మొదటి మూడు రాత్రులు తలదాచుకోవడానికి రెండు మూడు ఉపాసకుల ఇళ్లు సిద్ధంగా ఉండాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల కాగితాలు దాచిపెట్టడానికి ఒక నమ్మకమైన చోటు ఉండాలి. సంఘం లోను గురించి తోటి సభ్యులతో మనమే మాట్లాడాలి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2005 గృహహింస చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. “విహారంలో పెళ్లైంది, రిజిస్టర్ కాలేదు, కేసు నిలబడదు” అనే భయం అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం కూడా బౌద్ధులకు వర్తిస్తుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. అవసరమైతే కొట్టేవాణ్నే ఇంటి బయట ఉండమని మెజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. కాబట్టి ప్రతిసారీ ఆమెనే ఎందుకు పోవాలి? 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం సాయం దొరుకుతుంది. ఆపద దగ్గర పడితే 112. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, దాని నంబర్ 15100.

ఇక కొట్టే ఉపాసకుడి సంగతి. అతన్ని ద్వేషించమని ధమ్మం చెప్పదు. కానీ తన చేతులతో తన శీలాన్ని కాల్చుకునేవాణ్ని ఆపడమే అతని మీద చూపాల్సిన మైత్రి. చెయ్యి మారేదాకా అతను వందన చెప్పించకూడదు, కమిటీలో కుర్చీ ఉండకూడదు, వేదిక మీద దండ పడకూడదు. కోసంబి ఉపాసకులకు ఉన్న ధైర్యం మనకు లేకపోతే, పంచశీల నోటిమాటగానే మిగిలిపోతుంది.

థేరీగాథలో ముత్త అనే భిక్కుని తాను విముక్తి పొందిన వంకర వస్తువుల లెక్క చెప్తూ, రోలు, రోకలితో పాటు భర్తను కూడా చేర్చింది. సంఘం ఆమె మాటను దాచిపెట్టలేదు. ధమ్మ వాక్కుగా కాపాడి మన దాకా తెచ్చింది. ఈ రోజు మన వాడలో ముత్తలు ఎందరో ఉన్నారు. వాళ్లు ఎందుకు బయటికి రావడం లేదని అడిగే ముందు, వస్తే తలుపు తీసే ఇల్లు మన వాడలో ఎక్కడుందో చూపిద్దాం.

జై భీమ్! నమో బుద్ధాయ!