మృత్తికాశౌచము

మన ధర్మశాస్త్రములు దేహశౌచమునకు రెండు సాధనములు చెప్పినవి: మన్ను, నీరు. చేయి మలినమైనప్పుడు మన్నుతో రుద్ది నీటితో కడుగుకొనుట పెద్దల యాచారము. మన్ను మలినమును హరించునను విశ్వాసమే దీనికి మూలము. ఆ మన్నే మలినమైనచో దానిని దేనితో కడుగుదుము? ఈ ప్రశ్న ఇప్పుడు మనకు వచ్చినది.

ఫైరింగు రేంజి యని జనులు పిలుచు గురిసాధన స్థలమును తీసికొందము. గురిపలకల వెనుక మట్టికట్ట యుండును. గుండ్లు దానిలో దిగి చితికిపోవును. గుండు గర్భము సాధారణముగా సీసము. ఏండ్ల తరబడి యట్లు పోగైన సీసము గాలికి, వానకు పైపొర మారి, రేణువులై మట్టిలో కలియును. నేల ఆమ్లగుణము కలదైనచో నీటిలో మరింత కరగును. ఆకువలె కుళ్ళి నశించు వస్తువు కాదది. పసిబిడ్డల మెదడును చెరచును. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన పరిమాణమేదియు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2020 డిసెంబరులో ఏలూరున 600 మందికి పైగా మూర్ఛలు మొదలగు బాధలతో ఆసుపత్రి చేరగా, వారి రక్తములో సీసము, నికెలు కనబడెను. దానికిని తుపాకులకును సంబంధము కలదని మేమనుట లేదు. సీసము నెత్తుటివరకు రాగలదని చూపుటకే చెప్పితిమి.

ఖమ్మమునుండి భద్రాచలమువరకు గల యడవి యంచున నిట్టి స్థలమెచ్చట నేర్పడినను, దానిపై పడిన వాన వాగు చేరును. వాగు ఏదో యొక నదిలో కలియును. త్రోవలో గూడెముల పశువులు త్రాగును, బిడ్డలు ఆడుకొందురు. తుపాకి పట్టినవాడు బదిలీయై పోవును. గూడెమునకు బదిలీ లేదు.

‘రక్షకభటులు గురి నేర్వక లోకరక్షణ యెట్లు?’ అని కొందరడుగవచ్చును. నేర్వవలసినదే. కాని రక్షణ అందరిదైనప్పుడు, దాని శేషమును శుద్ధిచేయు ఋణమును అందరిదే యగును. ఫలము పట్టణమునకు, సీసము గూడెమునకు అను పంపకము ధర్మము కాదు. 1996లో రాజస్థానపు బిచ్ఛ్రి గ్రామపు వ్యాజ్యమున, చెరచినవాడే శుద్ధివ్యయము భరింపవలెనని సుప్రీముకోర్టు నిర్ణయించినది. చెడిన నేలలను గుర్తించి బాగుచేయించుటకు కేంద్రప్రభుత్వము 2025లో నియమములు ప్రకటించినది.

ఉపాయములు తెలియనివి కావు. కట్టమట్టిని జల్లించి గుండ్లను వేరుచేయవచ్చును. సున్నము కలిపి నేల ఆమ్లతను తగ్గింపవచ్చును. ఫాస్ఫేటు కలిపి మిగిలిన సీసమును సులభముగా కరగని రూపమున బంధింపవచ్చును. వాననీరు వాగులోనికి నేరుగా పోకుండ అడ్డుకట్ట వేయవచ్చును. పైన క్రొత్తమన్ను పోసి కప్పుట మాత్రము శుద్ధి కాదు. పుండుపై పట్టుబట్ట కప్పినట్లే.

కావున స్థలము తెరచునాడే దానిని శుద్ధిచేయు ధనమును వేరుగా నుంచవలెను. ఏటేట మట్టిని, వాగునీటిని పరీక్షించి, ఆ ఫలితమును గ్రామసభలో తెలుగునను కోయభాషలోను చదివి వినిపింపవలెను.

తోడి మనుష్యుని తాకిన మైలయని స్నానము చేసినవారము మనము. లేని మైలను మనుష్యునియందు చూచి, ఉన్న మైలను మట్టియందు చూడకపోయితిమి. మొదటి భ్రాంతిని తొలగింప మన సంస్కర్తలు పాటుపడిరి. ఆ పని ఇంకను ముగియలేదు. రెండవ పని ఇప్పుడే మన గడపకు వచ్చినది. నిజమైన శౌచమును కోరువారికి రెండును ఒక్కటే వ్రతము.