నాలుకకు రెండు ధర్మాలు

విధి మానవుని నాలుకకు రెండు పనులు అప్పగించింది: రుచి చూడడం, చూసిన రుచిని పలకడం. పటాన్‌చెరు పరిసరాల్లో పరిశ్రమలు బారులు తీరిన తరువాత నక్కవాగు రంగు మారిందనీ, బావినీరు గొంతు దిగడం లేదనీ మొదట కనిపెట్టినది ఏ ప్రయోగశాలా కాదు. చేద పైకి లాగి, దోసిట పట్టి, ఒక్క గుక్క నోట పోసుకుని పక్కకు ఉమ్మేసిన రైతు ఇంటి నాలుకే కనిపెట్టింది. ఆ నాలుక ఊరుకోలేదు కనుకనే డాక్టర్ కిషన్‌రావు వంటి వైద్యుడు ఆ మాటను నెత్తికెత్తుకుని జీవితమంతా మోశాడు, 1990లో ఆ కాలుష్యంపై వ్యాజ్యం సుప్రీంకోర్టు గడప తొక్కింది. అక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు కరిగి ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞులు కొలిచి 2007లో లోకానికి చెప్పారు. పలికే ధర్మాన్ని పోగొట్టుకుని, రుచి చూసే ధర్మం ఒక్కటే మిగుల్చుకున్న ప్రజ విషం తాగుతూనే మధురమని మెచ్చుకోవలసి వస్తుంది.

నిరంకుశుడు తన ప్రజలను మూగవారిగా కోరడు. స్తోత్రానికి అతనికి వేయి నాలుకలు కావాలి. అందువల్ల నాలుకలను ఉంచి, వాటికీ మనసుకూ నడుమ ఉన్న దారిని మాత్రమే మూస్తాడు. మారీచుని కథ వినని తెలుగువారు లేరు. పరస్త్రీ అపహరణ లంకకు చేటని అతడు రావణునికి దాపరికం లేకుండా చెప్పాడు. చంపుతానన్న బెదిరింపు విన్నాక ఆ నోటితోనే సరేనని బంగారు లేడి రూపం ధరించాడు. అతని హితవు ఎందరికి గుర్తుంది? అందరికీ గుర్తున్నది ఆ లేడి చర్మమే. ఒకసారి సత్యం పలికి, పిమ్మట భయపడి, అసత్యానికే వాహనమైనవారి గతి ఇంతే.

పలికే ధర్మాన్ని మంజీరా తీరానికి కొత్తగా బోధింపనక్కరలేదు, జ్ఞప్తికి తెస్తే చాలు. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని ఆవరణలో జరిగిన సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930 మార్చిలో నేటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, తొలి ఆంధ్రమహాసభ కొలువుతీరింది. ఆ రోజులలోనే అక్కడ నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా నడిచింది. పదిమంది ఒక పందిరి కింద చేరాలంటే నిజాం సర్కారు అనుమతి తెచ్చుకోవలసిన కాలమది. ఆ సభ సింహాసనాన్ని కూలదోస్తామని ప్రతిజ్ఞ చేయలేదు. మన భాషలో మన కష్టసుఖాలు మనం చెప్పుకుంటామన్నది, అంతే. అంతమాత్రమే ఏలికకు గుబులు పుట్టించింది. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌ నడివీధిలో కాల్చి, రాసిన చేతిని నరికారు. నెల తిరగకముందే ఆ ఏలుబడి లొంగిపోయింది. ఏడు తరాలు నిలిచిన ఆసఫ్‌జాహీ ప్రభుత్వ ఫర్మానాలను ఇప్పుడు పరిశోధకులు దుమ్ము దులిపి చదువుకుంటున్నారు.

విదేశీయుడో వంశపాలకుడో అయితేనే నిరంకుశుడనుకోవడం మరుపులలోకెల్లా పెద్ద మరుపు. మన ఓట్లతో గెలిచిన ప్రభుత్వమే 1975 జూన్ 25 అర్ధరాత్రి అత్యయిక పరిస్థితి విధించి పత్రికల గొంతు మీద చేయి వేసింది. ఆ ఏడాది డిసెంబరు 1న విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. పత్రికలు సెన్సారు నీడన ఉన్న ఆ రోజుల్లో ఆ ఉరి ధర్మమా అధర్మమా అని నలుగురూ బాహాటంగా తర్కించుకునే వీలు లేకపోయింది. 1977 ఎన్నికల్లో ఉత్తరదేశం ఆ పాలనకు వ్యతిరేకంగా తన తీర్పు చెప్పింది. నాటి మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాల్లో 41 ఆనాటి పాలకపక్షమైన కాంగ్రెస్ పార్టీకే ఇచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి నిలబడినప్పుడు, అత్యయిక పరిస్థితిని నిరసించి కాంగ్రెస్‌ను వీడిన జైపాల్‌రెడ్డిని ఈ సంగారెడ్డి సీమ రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించింది. ఆమె హయాంలోనే 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వెలిసింది. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఓటు ప్రజల హక్కు, అన్నం పెట్టినవారిని తలచుకోవడం మానవ ధర్మం. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. అయితే ఆ ఇరవై ఒక్క నెలల సంగతి పిల్లలకు చెప్పకుండా ఊరుకోవడం కృతజ్ఞత కిందికి రాదు.

వాక్కుకు నియమం లేదా అంటే, ఉంది. పరుషం, అసత్యం, కొండెం, అసంబద్ధ ప్రలాపం అని పెద్దలు వాగ్దోషాలు నాలుగు చెప్పారు. నేడు దూషణనే స్వాతంత్ర్యమని భ్రమించేవారు ఆ నాలుగింటినీ నిత్యం ఆచరించి, నోళ్లు మూయించాలనుకునేవారి పని సులువు చేస్తున్నారు. కాని ఆ దోషాలలో పాలకుని తప్పును ఎత్తిచూపడం లేదు. సత్యమైనా అప్రియం పలకరాదనే నీతి ఇరుగుపొరుగు మర్యాదకు చెప్పినది; దానిని కొలువుకూటానికి తగిలించినవారు, సభలో మౌనం వహించినవానిని కూడా పాపి అన్నది ఆ నీతి చెప్పిన మనుస్మృతే అని మరచిపోయారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులు కూర్చున్న సభలో, నిర్బంధితునికి కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదని నలుగురు అన్నారు. కాదన్నవాడు జస్టిస్ హన్స్‌రాజ్ ఖన్నా ఒక్కడే. మరుసటి జనవరిలో ఆయనను కాదని, ఆయన కంటె చిన్నవానిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఆ నలుగురి తీర్పును తుడిచివేసింది. ఆ నలుగురిలో వై.వి. చంద్రచూడ్ ఒకరు, అది ఘోరమైన పొరపాటని రాసినది ఆయన కుమారుడు డి.వై. చంద్రచూడ్. తండ్రి మాటను కొడుకు కాదనడం మన ఇళ్లలో ఎంత కష్టమో తెలిసినవారికి ఆ తీర్పు బరువు తెలుస్తుంది.

సంగారెడ్డి పట్టణంలో రెండు వందల ఏళ్లు దాటిన పాత జైలు ఒకటి ఉంది. ఖైదీలను కొత్త భవనానికి తరలించాక దానిని ప్రదర్శనశాలగా మార్చి, 2016లో ఒక వింత ఏర్పాటు చేశారు: అప్పట్లో అయిదు వందల రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండే వీలు కల్పించారు. ఖద్దరు బట్టలు, స్టీలు పళ్లెం, గ్లాసు, సబ్బు ఇచ్చేవారు. ఊచల తలుపు వేసేవారు. వినోదానికి వచ్చిన ఆ అతిథి మందపాటి గోడకు వీపు ఆనించి కూర్చుని, ఇరవై నాలుగు గంటల్లో ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకునేవాడు. అత్యయిక పరిస్థితిలో మీసా నిర్బంధ చట్టం కింద లోపలికి వెళ్లినవానికి లెక్కపెట్టుకోవడానికి ఏ అంకె ఇవ్వలేదు.