చెప్పవలసిన మాట, దాచవలసిన మాట



ఈ మాసము మేము వ్రాస్తున్న విషయము కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చును. ఇంటిల్లిపాది చదివే పత్రికలో ఇటువంటివి ఎందుకని అడుగువారు కూడ ఉంటారు. మేమును కొంతకాలము అలాగే తలంచి ఊరుకున్నాము. ఆ ఊరుకొనుట వలన నష్టపోయినవారిని చూచిన తరువాత వ్రాయక తప్పలేదు.

మాకు తెలిసిన ఒక సహోదరుడున్నాడు. పేరు, ఊరు చెప్పము. భవన నిర్మాణ పని నిమిత్తము వేరొక రాష్ట్రమునకు వెళ్లి ఎనిమిది నెలలు రేకుల షెడ్డులో పదిమందితో కలిసి ఉన్నాడు. అక్కడ అతనికి సెగరోగము అంటుకున్నది. డాక్టరు దగ్గరకు వెళ్లుటకు సిగ్గుపడి మందుల షాపులో ఏవో మాత్రలు కొని మింగాడు. బాధ తగ్గింది, నయమైనదనుకొని పండుగకు ఇంటికి వచ్చాడు. రెండేళ్లు గడిచాయి. భార్యకు పొత్తికడుపులో నొప్పి, పిల్లలు లేరు. అత్తగారు నలుగురిలో ఆమెను గొడ్రాలు అన్నది. అతడు విని తల వంచుకున్నాడే గాని నోరు విప్పలేదు. తరువాత మాతో మాట్లాడుతూ, "నేను దానితో అబద్ధమాడలేదండి, అది అడగలేదు, నేను చెప్పలేదు, అంతే" అన్నాడు.

ఆ మాట మమ్మును చాలా దినములు విడువలేదు. అడగనప్పుడు చెప్పకపోవుట అబద్ధమగునా?

మనుష్యుడు తన మనసులోని ప్రతి మాటను భార్యకైనను చెప్పి తీరవలెనని మేము అనము. కొన్ని మాటలు మనలోనే ఉండిపోయినా ఎవరికిని హాని లేదు. అయితే కూరలో బల్లి పడిన సంగతి ఎరిగియుండి, "ఆయన అడగలేదు" అని అతిథికి వడ్డించువానిని ఏమందుము? అతిథి అడగడు. మన మీద నమ్మకముతోనే చెయ్యి చాపుతాడు. ఎదుటివారు మన మౌనమును నమ్మి తమ శరీరమును అప్పగించినప్పుడు, ఆ మౌనము అబద్ధమే. నోటితో ఆడిన అబద్ధముకంటె అది తేలిక కాదు.

ఈ వ్యాధుల స్వభావము కూడ ఇందుకు సాక్ష్యమిస్తున్నది. సెగరోగము పురుషునిలో మంట, చీముగా సాధారణముగా బయటపడుతుంది. స్త్రీలలో అనేకమందికి ఏ గుర్తును ఉండదు. లోలోపల గర్భనాళములను పాడుచేసి సంతానము లేకుండా చేయగలదు. సవాయి గర్భిణికి సోకి చికిత్స జరగని యెడల బిడ్డ కడుపులోనే చనిపోవచ్చును. ఆమెకు ఏమియు తెలియదు గనుక ఆమె అడగలేదు. అడుగుటకు కావలసిన సంగతి అతని దగ్గర మాత్రమే ఉన్నది. అటువంటప్పుడు "అడగలేదు" అనుట న్యాయము కాదు.

అయితే అతని పక్షముగా కూడ ఒక మాట ఉన్నది. అతడు ఎందుకు చెప్పలేదు? భార్యకు చెబితే సాయంత్రమునకు వీధికి, ఆదివారమునకు సంఘమంతటికి తెలుస్తుందని భయపడ్డాడు. ఆ భయము ఉత్తది కాదు. దానిని పెంచినది మనమే.

మన భాషలో ఈ వ్యాధులకు పెట్టిన పేరు చూడండి. సుఖవ్యాధులు! ఇంటి పట్టున ఉండి అత్తమామలను చూచుకొనిన ఆ సహోదరి ఏ సుఖము పొందిందని ఆమె వ్యాధికి ఆ పేరు? పేరులోనే తీర్పు చెప్పేస్తే రోగి నోరు ఎలా విప్పుతాడు? బొంబాయిలోని కామాటిపుర సంగతి మహారాష్ట్రలోని మనవారికి తెలుసు. తెలుగు దేశమునుండి వెళ్లి ఆ నగరమును కట్టిన కామాటి కూలీల పేరు మీద వెలసిన పేట అది. తరువాతి కాలములో అక్కడ వేశ్యావృత్తి పెరిగి, కష్టజీవుల పేరు కాస్త అపహాస్యపు మాట అయినది. చేయని దానికి పేరు చెడుట ఎట్లుండునో వలస వచ్చిన మనకు ఎవరును నేర్పనక్కరలేదు. వలస వెళ్లినవారందరిని అనుమానించుట కూడ అటువంటి అన్యాయమే. ఊరు కదలనివారికిని ఈ వ్యాధులు వస్తాయి.

ఈ చిక్కు మనకు మాత్రమే ఎదురైనది కాదు. పెండ్లి కుదిరిన ఒకనికి హెచ్.ఐ.వి. ఉన్నదని ఆసుపత్రి నుండి బయటపడగా, పెండ్లి ఆగిపోయి, అతడు న్యాయస్థానమునకు వెళ్లాడు. రోగికి రహస్యము కాపాడుకొనే హక్కు ఉన్నదిగాని, పెండ్లాడబోవు స్త్రీ ఆరోగ్యము, ప్రాణము దానికంటె పెద్దవని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 సెప్టెంబరునుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము రెండు వైపులను చూచింది. రోగి సమ్మతి లేకుండ అతని సంగతి ఎవరికిని చెప్పరాదు. ఆ కారణమున పనిలోనుండి తీసివేయుట, అద్దె ఇల్లు ఇవ్వకపోవుట వివక్షగా నిషేధించింది. జీవిత భాగస్వామికి ప్రమాదమున్నదని, రోగి తానుగా చెప్పడని తేలినప్పుడు మాత్రము, అతనికి ముందుగా తెలిపి, డాక్టరుగాని కౌన్సెలరుగాని ఆమెకు చెప్పవచ్చును.

మేము గ్రహించినది ఇది: ప్రమాదములో ఉన్నవారికి సత్యము చెప్పుట రోగి బాకీ. మిగిలినవారందరు నోరు మూసుకొనుట సంఘము బాకీ. మన మధ్య ఇవి తలక్రిందులైనవి. ఇంట్లో ఉండవలసిన మాట లేదు, వీధిలో ఉండవలసిన మౌనము లేదు.

చెప్పినందువలన మేలే గాని కీడు లేని దినములివి. 1986లో మద్రాసులో మన దేశపు మొదటి హెచ్.ఐ.వి. కేసులు బయటపడినప్పుడు మందు లేదు. 2004 నుండి ప్రభుత్వ కేంద్రములలో మందులు ఉచితముగా ఇస్తున్నారు. క్రమముగా వాడి, రక్తములో వైరసు పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుండి సంపర్కము ద్వారా భాగస్వామికి అది సోకదు. తొలిదశలోని సవాయి ఒక్క మోతాదు పెన్సిలిన్ ఇంజెక్షనుతో నయమవుతుంది. అయితే భార్యాభర్తలిద్దరును పరీక్ష చేయించుకొని మందు వాడవలెను. ఒక్కరే వాడిన యెడల మరల ఒకరినుండి ఒకరికి వస్తుంది. ప్రభుత్వ పెద్దాసుపత్రులలో పరీక్ష ఉచితము. 1097 నెంబరుకు ఫోను చేసినచో పేరు చెప్పకుండానే సలహా పొందవచ్చును.

ఆ సహోదరుడు చివరకు భార్యకు చెప్పాడు. ఆమె మూడు దినములు మాట్లాడలేదు. నాలుగవ దినమున ఇద్దరును ఆసుపత్రికి వెళ్లారు. ఆమె అతనిని క్షమించినదో లేదో మేము అడగలేదు, అది మాకు సంబంధించినది కాదు. అత్తగారు నలుగురిలో అన్న ఆ మాట మాత్రము ఇంకను అలాగే ఉన్నది. దానిని తుడిచివేయగలవాడు అతడొక్కడే. అతడు నోరు విప్పే దినమున, కారణమేమిటని అడగకుండ ఆ సహోదరి ప్రక్కన కూర్చొనుటకు మనము సిద్ధముగా ఉన్నామా?