మిగిలిపోయిన ఆ కొంచెం ఎవరు భరించాలి?



మీకు బాగా ఇష్టమైన పాటను ఈ మధ్య ఎవరికైనా వినిపించారా? వాట్సాప్‌లో లింకు పంపడం గురించి కాదు నేను అడిగేది. పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ చరణం విను" అని చెప్పి వాళ్ల ముఖం వైపు చూడటం గురించి. వాళ్లు మర్యాదకు తలూపి ఊరుకుంటే మన మనసు చిన్నబోతుంది. పాట నచ్చకపోతే మనమే నచ్చనట్టు అనిపిస్తుంది.

మన చాండ్లర్ లాంటి ఊళ్లలోని తెలుగు కూటాల్లో ఈ చిన్న బాధ ఒక్కోసారి పెద్దదవుతుంది. ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కావాలి. ఇక్కడే పుట్టిన పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. వాళ్లకు గిటారు మీద పాడే ఇంగ్లీషు పాటలు కావాలి. మధ్యలో ఉన్న మనకు చిన్నప్పుడు క్యాసెట్లలో విన్న పాటలు కావాలి. పాటలకు ఉన్నది అరగంట. ఎవరి పాట పాడాలి?

ఇది ఒట్టి అభిరుచుల గొడవ అనుకుంటాం. కానీ సంగీతం లోపల, అంకెల్లోనే, సరిగ్గా ఇలాంటి చిక్కు ఒకటి ఉంది. కంప్యూటర్లు చదువుకున్నవాణ్ణి కాబట్టి లెక్కతోనే చెబుతాను. పెద్ద లెక్కేం కాదు, ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు.

ఒక తీగను మీటండి. దాన్ని సగానికి నొక్కి మీటితే అదే షడ్జం పై స్థాయిలో పలుకుతుంది. వాటి నిష్పత్తి 2:1. మూడింట రెండు వంతుల దగ్గర నొక్కితే పంచమం పలుకుతుంది. దాని నిష్పత్తి 3:2. గ్రీకు దేశంలో పైథాగరస్ అనుచరులు చెప్పిందీ, మన విద్వాంసులు తంబురా శ్రుతి చేసేటప్పుడు చెవితో పట్టుకునేదీ ఇదే.

ఇప్పుడు ఆ పంచమాన్నే షడ్జం అనుకుని దాని పంచమానికి, అక్కడి నుంచి మళ్లీ దాని పంచమానికి వెళ్లండి. ఇలా 12 సార్లు వెళ్తే బయలుదేరిన స్వరానికే, ఏడు స్థాయిలు పైన చేరినట్టు అనిపిస్తుంది. లెక్క వేయండి. 1.5ను 12 సార్లు హెచ్చిస్తే సుమారు 129.75 వస్తుంది. ఏడు స్థాయిలంటే 2ను ఏడు సార్లు హెచ్చించాలి, అది 128. రెండూ కలవలేదు. కొంచెం మిగిలిపోయింది.

ఎంతసేపు హెచ్చించినా అవి కలవవు. 3ను ఎన్నిసార్లు హెచ్చించినా బేసి సంఖ్యే, 2ను ఎన్నిసార్లు హెచ్చించినా సరి సంఖ్యే. వాద్యం చేసినవాడి తప్పు కాదు, వాయించేవాడి తప్పూ కాదు. స్థాయి న్యాయమైనదే, పంచమం న్యాయమైనదే, అయినా రెండింటికీ పొత్తు కుదరదు. అమ్మమ్మ కోరిక, మనవడి కోరిక కూడా అంతే. ఇద్దరిలో ఒకరు తప్పై ఉండాలని ముందే అనుకుంటే మాట అక్కడే ఆగిపోతుంది.

మరి ఆ మిగిలిన కొంచెాన్ని ఏం చేయాలి? సంగీతకారులు మూడు దారులు తొక్కారు.

మొదటిది తంబురా దారి. కచేరీ మొదటి నుంచి చివరి దాకా ఒకే శ్రుతి. షడ్జాన్ని వదిలి వెళ్లరు కాబట్టి ఆ మిగులు ఎదురే పడదు. పంచమం స్వచ్ఛంగా మోగుతుంది. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి మన కీర్తనకారులు రాసింది ఈ సంప్రదాయంలోనే. అందుకే మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చు వేస్తారు. ఈ దారిలో స్వచ్ఛత ఉంది. కానీ వచ్చినవాళ్లందరూ ఆ ఒక్క శ్రుతిలోకే రావాలి.

రెండోది పాత యూరప్ కీబోర్డు వాద్యాల దారి. 11 పంచమాలను శుద్ధంగా ఉంచి, మిగులంతా 12వ దాని మీద పడేశారు. అది ఊళ పెట్టినట్టు మోగేది. ఇలా చెడిపోయిన పంచమానికి సంగీతకారులు పెట్టిన పేరు "తోడేలు". పరిష్కారం సులువే, ఆ వైపు వెళ్లకుండా వాయించడమే. మిగతా పదకొండూ తీయగా ఉంటే ఫిర్యాదు చేసేదెవరు?

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. "మా కూటం బాగానే జరుగుతోంది" అని మనం అంటున్నప్పుడు, ఆ మిగులంతా ఎవరి మీద పడింది? కీర్తనల పుస్తకం ఒళ్లో మూసి పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ మీదా? వెనక వరుసలో ఫోన్ చూసుకుంటున్న పదిహేనేళ్ల కుర్రాడి మీదా? వాళ్లు ఊళ పెట్టరు. అందుకే మనకు వినబడదు.

మూడో దారి, మిగులును అందరికీ పంచడం. 1584లో చైనా రాకుమారుడు జు జైయు, ఆ శతాబ్దం ముగిసే ముందూ వెనకల్లో యూరప్‌లో సైమన్ స్టెవిన్, దీనికి లెక్క కట్టారు. 12 మెట్లూ సమానం. పంచమం 1.5కు బదులు సుమారు 1.4983 అవుతుంది. 440 దగ్గర మొదలుపెడితే 660 రావాల్సిన చోట 659.26 వస్తుంది. కీబోర్డు మీద ఆ రెండు మీటలూ కలిపి నొక్కి నిశ్శబ్దంగా వినండి. నాదం రెండు సెకన్లకు మూడు సార్లు చొప్పున మెల్లగా ఊగుతుంది. ఏ పంచమమూ పూర్తి శుద్ధం కాదు, ఏదీ ఊళ పెట్టదు. ఆంటీ తన శ్రుతిలో పాట ఎత్తుకోగానే కీబోర్డు బ్రదర్ వెతుక్కుని ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అందుకోగలుగుతున్నాడంటే, ఈ సర్దుబాటు చలవే.

అయితే "అందరూ తలా కాస్త సర్దుకుంటే సరి" అని ముగించలేం. ఈ పద్ధతిలోనే ఇంకో రెండు సంగతులున్నాయి.

ఒకటి, అన్నీ సడలించినా 2:1ను మాత్రం ముట్టుకోలేదు. స్థాయి చెడితే సంగీతమే నిలవదు. మనకూ అలాంటివి ఉన్నాయి. ఎవరికి పాడుతున్నాం, పాడే మాట నిజమా కాదా, వీటిలో సర్దుబాటు లేదు. భాష, రాగం, వాద్యం పంచమాల లాంటివి. వాటిలో కాస్త తగ్గినా ఆరాధన నిలుస్తుంది.

రెండోది, సమానంగా పంచినా నొప్పి సమానంగా ఉండదు. శుద్ధమైన అంతర గాంధారం 5:4, అంటే 1.25. ఈ లెక్కలో అది 1.26 అయ్యింది. పంచమానికి తగిలిన దెబ్బ కంటే ఇది చాలా పెద్దది. అరగంటను మూడు పదులుగా కోయడం కూడా అంతే. పిల్లవాడు తన పాటలు వారమంతా కారులో వింటాడు. అమ్మమ్మకు తనవాళ్ల మధ్య పాడే చోటు ఇక్కడ ఇదొక్కటే. వేరే సంఘంలో లెక్క తిరగబడవచ్చు. పాటలన్నీ పెద్దలవే అయిన చోట, పిల్లవాడికి తనదనిపించే పాట ఒక్కటీ ఉండకపోవచ్చు. అందుకని చూడవలసింది నిమిషాలు కాదు, ఎవరికి ఎంత తగులుతోందన్నది.

రోమా సంఘంలో గొడవ పాటల మీద కాదు, తిండి మీద. పౌలు ఆ పత్రిక 14, 15 అధ్యాయాల్లో బరువును చెరి సగం చేయలేదు, బలమున్నవాళ్ల వైపు ఎక్కువ పెట్టాడు. మన కూటాల్లో బలవంతులెవరు? పాటల జాబితా రాసేవాళ్లం, రెండు భాషలూ వచ్చినవాళ్లం, అంటే మధ్య తరం. అటు కీర్తనా పాడగలం, ఇటు ఇంగ్లీషు పాటా పాడగలం. కాబట్టి మిగులులో పెద్ద వాటా మనదే కావాలని నా నమ్మకం. ముందు తగ్గాల్సినవి మన క్యాసెట్ పాటలే.

చేయడానికి పనులూ ఉన్నాయి. కీర్తనను తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వేయండి. శంకరాభరణంలో ఉన్న కీర్తన ఎంచుకోండి. 72 మేళకర్తల్లో 29వదైన ఆ రాగం స్వరాలూ, పిల్లలు గిటారు క్లాసులో మొదట నేర్చుకునే మేజర్ స్కేలూ ఒకటే. ఆది తాళం 4, 2, 2 కలిపి ఎనిమిది దెబ్బలు. డ్రమ్స్ వాయించే కుర్రాడికి ఎనిమిది లెక్కపెట్టడం కొత్త కాదు. అమ్మమ్మ చేత్తో తాళం వేస్తుంటే వాణ్ణి పక్కన కూర్చుని వాయించమనండి. తర్వాత వాడి పాట అర్థాన్ని ఆమెకు తెలుగులో చెప్పమనండి. వాడికి మాట దొరకని చోట మీరు అందించండి.

వచ్చే ఆదివారానికి జాబితా మీ చేతికి వస్తే, మీకు అన్నిటికంటే ఇష్టమైన పాట ఒకటి తీసి పక్కన పెట్టి, ఆ చోటులో ఎవరి పాట వేయాలో వాళ్లనే అడగండి.