నవ్వు దైవభీతికి విరుద్ధమా?

నమాజు, రోజా, ఖుర్ఆన్ పారాయణం ఉన్న ఇంట్లో హాస్యానికి చోటెక్కడిదని మనలో కొందరు భావిస్తుంటారు. పిల్లలు పకపకా నవ్వితే గద్దిస్తారు. ఇది సరైన ధోరణేనా?

దైవప్రవక్త (స) జీవితాన్ని చూద్దాం. అబూ ఉమైర్ (ర) అనే పసివాడిని ఆయన అతని పిట్ట ఏమైందని ప్రాస కలిపి పలకరించేవారు (బుఖారీ). వాహనం కోరిన ఒక వ్యక్తికి ఒంటె పిల్లనిస్తానన్నారు. పిల్లతో నేనేం చేయనని అతను విస్తుపోతే, ఏ ఒంటె అయినా మరో ఒంటెకు పిల్లే కదా అన్నారు (అబూ దావూద్, తిర్మిజీ). ఇందులో నవ్వు ఉంది, అబద్ధం లేదు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

హద్దు ఇదే. నవ్వించడానికి అబద్ధమాడేవాడిని ఆయన (స) తీవ్రంగా హెచ్చరించారు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడాన్ని దివ్యఖుర్ఆన్ (49:11) నిషేధించింది. సినిమాల్లో మన శ్రీకాకుళం యాసను నవ్వులపాలు చేస్తే మనకెంత బాధ! మరి ఇంటి కోడలి మాటతీరునో, పొరుగువాడి నత్తినో మనం వెక్కిరిస్తే వారికీ అంతే బాధ కాదా?

ధర్మసమ్మతమైన సంతోషానికి పెద్దగా ఖర్చు అక్కర్లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్లపై గూళ్ళు కట్టే వలస పక్షులను పిల్లలకు చూపించండి. కళింగపట్నం ఒడ్డున వారితో పరుగు పందెం వేయండి. ఆయన (స) కూడా హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారు. అజాన్ వినిపించగానే అందరూ కలసి లేవండి.

అల్లాహ్ మన ఇళ్ళను అబద్ధం లేని నవ్వులతో నింపుగాక! ఆమీన్.