పేరు పెట్టేవారి బాధ్యత

ఊత్తుకోట చుట్టుపక్కల తాటితోపుల్లోనూ మామిడితోటల్లోనూ కనిపించే పిట్ట ఒకటుంది. ఒళ్ళు ఇటుక రంగు. తల, మెడ మసి నలుపు. రెక్కమీద తెల్లటి పట్టె. నల్లటి కొసతో జానెడు బూడిదరంగు తోక. చూస్తే నమ్మలేం గాని, ఇది కాకి కుటుంబానిదే. తమిళంలో దీన్ని వాల్‌కాక్కై, అంటే తోకకాకి అంటారు. తెలుగులో పాత పేరు గోకురాయి.

దీని శాస్త్రీయ నామంలో 'వాగబుండా' అనే లాటిన్ మాట ఉంది. దిమ్మరి అని అర్థం. 1790లో జాన్ లేథమ్ అనే ఆంగ్లేయుడు ఆ పేరు పెట్టి, దీన్ని పాలపిట్టల జాతిలో చేర్చాడు. తర్వాతివారు జాతిని సరిదిద్దారు గాని దిమ్మరి అన్న మాట అలాగే నిలిచిపోయింది. నిజానికి ఈ పిట్ట వలసపోదు. కొమ్మనుంచి కొమ్మకు తిరగడమే దాని దేశాటనం.

ఇతర పిట్టల గుడ్లూ పిల్లలూ తింటుంది కనుక దీన్ని దొంగ అనేవారూ ఉన్నారు. తినేమాట నిజమే. అయితే తాటి, కొబ్బరి చెట్లను తొలిచే ఎర్రముక్కు పురుగు పిల్లలనూ తింటుంది. ఆ మేలుకు మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు.

ఒక్క పని చూసి బతుకంతటికీ పేరు పెట్టవచ్చునా?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు ఆంధ్రలోకి వెళ్ళాయి. గీత జరిగింది గాని ఇళ్ళు జరగలేదు. అయినా, ఇంట్లో తెలుగు వినిపించగానే "మీరు ఇటు ఎప్పుడొచ్చారు?" అని అడిగేవారుంటారు. అడిగినవారికి అది మాటవరస. మనకు మాత్రం మనసులో ముల్లు.

మరి మనం చేస్తున్నదేమిటి? సంతలో పూసలమ్మే వారిని 'నక్కలవాళ్ళు' అంటాం. వారు తమను వాగ్రి అని చెప్పుకుంటారు. ఇన్నేళ్ళలో వారిని ఆ మాట అడిగి తెలుసుకున్నవారు మనలో ఎందరు? మనకు గుచ్చుకున్న ముల్లునే మరొకరి కాలికింద వేస్తున్నామన్న స్పృహ కూడా మనకు లేదు.

పేరు లేకుండా లోకం నడవదు. పిలవడానికి పేరు కావాలి. కాని పిలుపు తీర్పుగా మారినచోట అన్యాయం మొదలవుతుంది. మనిషికి నోరుంది, కనుక అడగాలి. పిట్టను అడగలేం, కనుక కొంతకాలం ఓపికపట్టి చూడాలి. చూస్తే, నిన్నటి తాటితోపులోనే ఇవాళా కనిపిస్తుంది ఆ దిమ్మరి.